మూడో గదికి నేను రాసిన మెథడ్

మే 6

రాయప్ప గారు మూడో గదిలో పడిపోయారు. విజయవాడ తీసుకెళ్ళారు. ఇంకేం తెలియదు.

మే 7

ఈ నోటుబుక్కు కాలేజీ రోజుల్లో కొన్నది. ఆరు పేజీలు రాసి పడేశాను. ఇప్పుడెందుకు తీశానో నాకే తెలియదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు, అందుకేమో.

నిన్న జరిగింది ఎస్సై గారికి ఎలా చెప్పామో అలాగే రాస్తాను. అదొక్కటే వరసగా గుర్తుంది.

మా యార్డులో మామిడికాయలు మగ్గబెట్టే గదులు మూడున్నాయి. ఒకటి, రెండు పాతవి. మూడోది ఈ సీజనుకే కట్టించాం. క్రేట్లు లోపల పేర్చి, తలుపు బిగించి, గ్యాస్ వదులుతాం. ఒకటిన్నర రోజు అలా ఉంచితే కాయ రంగు తిరుగుతుంది. కాయ కూడా ఊపిరి తీస్తుంది. మూసిన గదిలో అన్ని టన్నుల కాయ ఊపిరి తీస్తూ ఉంటే మనిషి పీల్చుకునే గాలి మిగలదు. అందుకని తలుపు తీసే ముందు ఫ్యాన్లు ఇరవై నిమిషాలు తిరిగి లోపలి గాలిని బయటికి తోసెయ్యాలి. ఆ తర్వాతే తలుపు మీద ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు వెలుగుతుంది. అదంతా కంప్యూటరు చూసుకుంటుంది. మనిషి చేయాల్సిందల్లా ‘తెరువు’ అన్న బటన్ నొక్కి పచ్చ లైటు వచ్చేదాకా ఆగడమే.

మూడో గదిలో పెట్టిన మొదటి లోడు ఇదే. నిన్న పదిన్నరకి బటన్ నొక్కింది స్టీఫెన్. మా దగ్గర కాయ మగ్గబెట్టే పని చూసే రాయప్ప గారి అల్లుడు. మామగారు లోపలికి వెళ్ళారు, ఇతను ట్రాలీ కోసం షెడ్డు వెనక్కి వెళ్ళాడు. ఆ ట్రాలీ చక్రం ఊడి ఉందట. ఇంకోటి వెతికి తెచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. వచ్చేసరికి మామగారు రెండో వరస క్రేట్ల దగ్గర బోర్లా పడి ఉన్నారు.

పచ్చ లైటు చూశాకే మామయ్యని వెళ్ళమన్నాను అంటున్నాడు స్టీఫెన్. బటన్ నొక్కగానే వచ్చిందట.

“నొక్కగానే ఎలా వస్తుందిరా? ఇరవై నిమిషాలు ఆగాలి కదా అది?” అన్నారు నాన్న.

“వచ్చిందండీ. నా కళ్ళతో చూశానండీ.”

అప్పుడందరూ నా వైపు తిరిగారు. ప్రోగ్రాం చూసేది నేనే కదా. ఎస్సై గారు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, క్రేట్లు మోసే ముఠావాళ్ళు, అందరూ.

“ఫ్యాన్లు ఇరవై నిమిషాలు తిరిగాకే పచ్చ లైటు వస్తుందండీ. అలాగే రాసి ఉంది,” అన్నాను.

ఎస్సై గారు రాసుకున్నారు. స్టీఫెన్ నన్ను చూశాడు. కోపంగా కాదు. నేనేదో మర్చిపోయాను, ఒక్క క్షణం ఆగితే గుర్తొస్తుంది అన్నట్టు చూశాడు.

రాత్రి అన్నం తిన్నాను. పెరుగు పుల్లగా ఉంది.

మే 8

రాయప్ప గారు పోయారు. ఆస్పత్రిలోనే, ఉదయం ఆరింటికి.

మా ఇంట్లో అందరం రాయప్ప అనే అంటాం. నేనూ అంతే, చిన్నప్పటినుంచీ, ఆయన ముందే. ఈ పుస్తకంలో మాత్రం గారు అని వస్తోంది. ఎందుకో.

మే 9

పొద్దున్నే లాప్‌టాప్ తెరిచాను. టీ చల్లారిపోయింది. అమ్మ రెండోసారి తెచ్చింది, అదీ చల్లారింది.

మొదటి రెండు గదుల ప్రోగ్రాం సతీష్ రాసింది. క్యాంపస్‌లో నాకు సీనియర్. ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాడు. ‘గది’ అని ఒక క్లాస్ రాశాడు. క్లాస్ అంటే గది ఎలా నడవాలో చెప్పే నమూనా. అందులో ‘తెరువు’ అని ఒక మెథడ్, అంటే చేయాల్సిన పనుల వరస. అది మూడు పనులు చేస్తుంది. గ్యాస్ ఆపుతుంది. ‘సిద్ధంచెయ్యి’ అనే ఇంకో మెథడ్‌ని పిలుస్తుంది. ఆ పని అయ్యాక పచ్చ లైటు వేస్తుంది. ఇరవై నిమిషాల ఫ్యాన్లు, గాలి మీటరు చూడటం, ఇవన్నీ సతీష్ ఆ ‘సిద్ధంచెయ్యి’లోనే పెట్టాడు.

మూడో గదికి నేను ‘కొత్తగది’ అని పిల్ల క్లాస్ రాశాను. సతీష్ ‘గది’కి వారసురాలు. వారసత్వం అంటే హాయి కదా, తండ్రి దగ్గర ఉన్నవన్నీ రాయకుండానే వచ్చేస్తాయి. ‘తెరువు’ అలాగే వచ్చింది. నేను ముట్టుకోలేదు. కానీ మూడో గదికి కూలింగ్ మెషిన్ వేరు, వాల్వు వేరు. తెరిచే ముందు వాటిని ఆపాలి. అందుకని ‘సిద్ధంచెయ్యి’ని మాత్రం మళ్ళీ రాశాను. నాలుగు లైన్లు. మెషిన్ ఆపు, వాల్వు మూయి.

అంతే రాశాను.

మూడో గది ముందు బటన్ నొక్కితే నడిచేది తండ్రి ‘తెరువు’. అది సతీష్ రాసిన ఫైల్లోనే ఉంది. అది ‘సిద్ధంచెయ్యి’ అని పిలుస్తుంది. పిలుపు తండ్రి ఇంట్లోంచే వెళ్తుంది, కానీ పలికేది పిల్ల. ఎందుకంటే అక్కడ ఉన్నది మూడో గది. మూడో గదికి సొంత ‘సిద్ధంచెయ్యి’ ఉన్నప్పుడు తండ్రిది నడవదు. తండ్రిది కూడా నడవాలంటే నేనే ఒక లైను రాయాలి. సూపర్ అని. ముందు తండ్రిది చేసిరా, తర్వాత నాది అని. దీని మీద పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్నకి ఎనిమిదీ వచ్చాయి నాకు.

ఆ లైను రాయలేదు.

మెషిన్ ఆగింది, వాల్వు మూసుకుంది, పని అయిపోయింది, పచ్చ లైటు వెలిగింది. రెండు సెకన్లు పట్టి ఉంటుంది. స్టీఫెన్ సరిగ్గానే చూశాడు.

పదింటికి ఆ లైను రాసి మూడో గది కంప్యూటర్లో ఎక్కించాను. తప్పు కనబడితే ఎవరైనా సరిచేస్తారు. లోపల ఇంకో మనిషి పడిపోకూడదు కదా. ఇది సరిచేయడం. దాచడం కాదు.

సరిచేశాను.

మే 10

రాయప్ప గారిని వాళ్ళ ఊరు ఉంగుటూరులో మట్టి చేశారు. నాన్న, నేను కారులో వెళ్ళాం. నాన్న పూలదండ వేశారు. ఎండ మండిపోతోంది.

పెట్టె ఎత్తేటప్పుడు స్టీఫెన్ ముందుకొచ్చాడు. రాయప్ప గారికి కొడుకులు లేరు, ఒక్కతే కూతురు షాలోమి. అల్లుడే కొడుకు అనుకున్నారు ఇన్నాళ్ళూ. షాలోమి చిన్నాన్నెవరో చెయ్యి అడ్డం పెట్టి, “నువ్వొద్దు,” అన్నాడు. అంత నెమ్మదిగా అన్నాడు, పక్కనున్న మాకు తప్ప వినబడలేదు. స్టీఫెన్ వెనక్కి తగ్గాడు. వేరే నలుగురు మోశారు. అతను అందరికంటే వెనక నడిచాడు, చెప్పుల్లేకుండా. తారు రోడ్డు మీద.

నాకు ఏడుపు రాలేదు. రావాలి అనుకుంటూ ఉన్నాను.

మే 11

కాయ ఆగదు. మనం ఆగుతాం కానీ కాయ ఆగదు అని నాన్న ఈరోజు మూడో గదిలో మళ్ళీ లోడు పెట్టించారు. బంగినపల్లి. ముఠావాళ్ళు ముందు ఒప్పుకోలేదు. నాన్న గుమ్మం దగ్గర నిమ్మకాయలు కోయించి, తానే ముందు లోపలికి వెళ్ళి నిలబడ్డారు. అప్పుడు కదిలారు.

మే 12

ఎక్కడికైనా పోయి పడుకోవాలని ఉంది.

ఎస్సై గారు, ఉంగుటూరు చర్చి సంఘ పెద్దలు ఇద్దరు వచ్చారు. గది ఎలా పనిచేస్తుందో అందరి ముందూ చూపించమన్నారు. స్టీఫెన్‌ని కూడా పిలిపించారు. లోపల నిన్నటి లోడు ఉంది. నాన్న నన్నే నొక్కమన్నారు.

నొక్కాను. ఫ్యాన్లు మొదలయ్యాయి. ఎర్ర లైటు. పెద్దల్లో ఒకాయన వాచీ విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. యార్డు కుక్క ఒకటి వచ్చి ఫ్యాను గాలి వాసన చూసి పోయింది. పది నిమిషాలయ్యాక నాన్న అందరికీ మజ్జిగ ఇప్పించారు. స్టీఫెన్ గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు. తలుపు మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

ఇరవై నిమిషాల పది సెకన్లకి పచ్చ లైటు వచ్చింది.

“బానే ఉంది కదయ్యా,” అన్నాడు వాచీ పెద్దాయన.

“ఆరోజు వెంటనే వచ్చిందండీ. దేవుడి తోడు.” స్టీఫెన్ నా దగ్గరికొచ్చాడు. “పాపగారూ, మీరొక్కసారి చూడండి లోపల ఏమైనా తేడా ఉందేమో. నాకు మిషన్ల సంగతి తెలీదు.”

“చూశాను స్టీఫెన్. ఏం తేడా లేదు,” అన్నాను.

లేదు. పన్నెండో తారీకున ఏం తేడా లేదు. నేనన్నది నిజమే.

తొందరపడి తలుపు తీసినట్టే ఉంది అని ఎస్సై గారు నాన్నతో అనడం వినబడింది. కేసు స్టీఫెన్ మీదికి వెళ్తుందట, నిర్లక్ష్యం అని. నేనింతవరకూ ఆ సంగతి ఆలోచించలేదు. అమ్మతోడు. భయం వేసింది. నా గురించి వేసింది, అతని గురించి కాదు. ఇది ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మే 13

ఏమీ లేదు.

మే 14

షాలోమి, వాళ్ళమ్మ విజయరాణి గారు యార్డుకి వచ్చారు. రాయప్ప గారి సామాను తీసుకెళ్ళడానికి. సీజన్లో ఆయన యార్డులోనే పడుకునేవారు. ఏం సామాను, రెండు లుంగీలు, ఒక బైబిలు, కళ్ళజోడు, బీపీ మాత్రలు. మాత్రలు ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నాయి. విజయరాణి గారు వాటిని కూడా సంచిలో వేసుకున్నారు.

షాలోమి బిడ్డని చంకలో వేసుకుని నిలబడింది. పుట్టింట్లోనే ఉంటోందట. స్టీఫెన్ రెండుసార్లు వెళ్తే తలుపు తీయలేదట. నేను అడగకుండానే చెప్పింది.

“ఆయన తొందర మనిషండీ. అన్నం కూడా నిలబడే తింటాడు. నేను తిడుతూనే ఉండేదాన్ని, ఏం కొంపలు మునిగిపోతున్నాయని. చూశారుగా, మా నాన్న మీదికే వచ్చింది.”

“ఏం చేస్తామమ్మా. మన చేతుల్లో ఏముంది,” అన్నాను.

ఆ మాట నాది కాదు. నాన్నది. ఎవరింట్లో ఏం జరిగినా ఆయన అనేది అదే, అదే గొంతుతో, చివర్లో కాస్త తల ఊపుతూ. తల కూడా ఊపాను. ఎక్కడినుంచి వచ్చిందో వచ్చేసింది, నేను రాయకుండానే.

వాళ్ళకి ఆటో మాట్లాడి పంపించాను. రెండు డజన్ల రసాలు కూడా పెట్టించాను. అదీ నాన్న పద్ధతే.

మే 15

సతీష్ ఫోన్ చేశాడు. ఎవరో చెప్పారట.

“పూజితా, ఆ కొత్త గదికి నువ్వు సబ్‌క్లాస్ రాశావు కదా. సిద్ధంచెయ్యి ఓవర్‌రైడ్ చేశావా?”

“చేశాను.”

“సూపర్ కాల్ ఉందా అందులో?”

“ఉంది.”

“ఒకసారి చూసుకో.”

“ఇప్పుడే చూశాను సతీష్. ఉంది.”

“హమ్మయ్య. నాకు ఆరోజునుంచీ ఒకటే గుబులు. నేనే దాన్ని ఇంకోలా రాసుండాల్సింది. ఫ్యాన్ల పని ఎవరూ మార్చడానికి వీల్లేకుండా ‘తెరువు’లోనే పెట్టుంటే అసలు గొడవే లేదు. ఫైనల్ అని ఒక్క మాట పెడితే పోయేది.”

“నీ తప్పేం లేదులే,” అన్నాను.

అతను పెట్టుంటే నేను మార్చలేకపోయేదాన్నని మధ్యాహ్నమంతా అనుకుంటూ కూర్చున్నాను. కాస్త హాయిగా కూడా అనిపించింది. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసి వెళ్ళి స్నానం చేశాను.

కంప్యూటర్లో లాగ్ అని ఒకటుంటుంది. ఏ బటన్ ఎప్పుడు నొక్కారో, ఏ లైటు ఎప్పుడు వెలిగిందో అదే రాసుకుంటుంది. ఇన్నాళ్ళూ దాన్ని తెరవలేదు. తుడిచెయ్యనూ లేదు. ఈరోజు తెరిచాను. ఆరో తారీకు, పది గంటల ముప్పై ఒక నిమిషం ఏడు సెకన్లు, తెరువు. తొమ్మిది సెకన్లు, పచ్చ.

మూసేశాను.

మే 17

స్టీఫెన్ షాపుకి వచ్చాడు. నాన్న లేరు. గడ్డం పెరిగిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు, షాలోమి అన్నట్టు.

“పాపగారూ, నిన్న విజయవాడ వెళ్ళి కళ్ళు చూపించుకున్నానండీ.”

“ఏమైంది కళ్ళకి?”

“ఏం కాలేదంటండీ. పుస్తకంలో చుక్కలు చుక్కలుగా రంగులుంటాయి కదా, అందులో అంకెలు చదవమన్నారు. అన్నీ చదివానండీ. ఎరుపు, పచ్చ బానే కనబడుతున్నాయి అన్నారు.” డాక్టరు చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. “కళ్ళు బానే ఉన్నాయంటే మరి బుర్రే అయి ఉంటుంది. ఎర్ర లైటునే పచ్చ అనుకున్నానేమో. పొద్దున్నుంచీ ఏం తినలేదండీ ఆరోజు. మీరంతా చదువుకున్నోళ్ళు, మిషను చూశారు, ఇరవై నిమిషాలూ అందరి ముందూ ఆగింది. నేనొక్కడినే వచ్చింది వచ్చింది అంటుంటే... నేనే చంపేసుంటానండీ మామయ్యని. ఒప్పేసుకుందామనుకుంటున్నా. ఒప్పుకుంటే షాలోమి అయినా మాట్లాడుద్దేమో.”

ఇదిగో ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాను. కచ్చితంగా అనుకున్నాను. ఇంతలో లారీ డ్రైవరు లోపలికి వచ్చి బిల్లు అడిగాడు. బిల్లు ఇచ్చి చూసేసరికి స్టీఫెన్ వెళ్ళిపోయాడు.

లారీ రాకపోతే చెప్పేదాన్ని.

మే 18

లారీ రాకపోయినా చెప్పేదాన్ని కాదు.

మే 20

నాన్నకి చెప్పాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక. అమ్మ పక్కింటికి వెళ్ళింది. పూతరేకులు తింటున్నారాయన. ఎవరో తెచ్చారు.

మొత్తం విని, “సతీష్ రాసింది కదా అదంతా?” అన్నారు.

“మూడో గది నేను రాశాను నాన్నా.”

“తలుపు తెరిచేదంతా వాడిదే అన్నావుగా.”

“తెరువు అన్నది వాడిదే. దానిలోంచి పిలుపు నాదానికి వచ్చింది.”

“నాకర్థమయ్యేట్టు చెప్పు. వాడి దాంట్లోంచి పిలిస్తే వాడిది కదా పలకాలి?”

ఎలా చెప్పాలో తెలియక చుట్టూ చూశాను. గోడ మీద తాతయ్య ఫోటో ఉంది.

“షాపు తెరవడం మీకు తాతయ్య నేర్పారు కదా. తాళం తీయడం, దేవుడికి పెట్టడం, కాటా సరిచూడటం. తాతయ్య రోజూ కొబ్బరికాయ కొట్టేవారు. మీరు అగరొత్తులతో సరిపెడతారు. మిగతావన్నీ ఆయన పద్ధతే. ఇప్పుడు తాతయ్యే వచ్చి, ఒరేయ్, షాపు తెరువు అన్నారనుకోండి. దేవుడి దగ్గరికి వచ్చేసరికి ఏం చేస్తారు?”

“అగరొత్తులే వెలిగిస్తాను. నిలబడింది నేనైతే నా చేతికి వచ్చిందే కదా చేస్తాను.”

“చెప్పింది తాతయ్య కదా మరి?”

“ఎవరు చెబితే ఏంటి? చేసేది నేను.”

“అదే నాన్నా జరిగింది. ఆయన కొబ్బరికాయ కూడా కొట్టాలంటే మీరు విడిగా అనుకోవాలి, ముందు ఆయనది, తర్వాత నాది అని. నేను అనుకోలేదు. సతీష్ ఫ్యాన్లు ఆ కొబ్బరికాయ లాగే పోయాయి.”

నాన్న చేతికంటిన పంచదార దులుపుకున్నారు. చాలాసేపు దులుపుకున్నారు.

“ముహూర్తం రోజున కూడా వెంటనే వచ్చింది లైటు,” అన్నారు.

అవును. ఏప్రిల్లో ఖాళీ గదికి పూజ చేసినప్పుడు, నాన్న బటన్ నొక్కితే ఠక్కున పచ్చ లైటు వచ్చింది. చూశావా, కొత్తది ఎంత స్పీడుగా ఉందో అని ఆయన మురిసిపోయారు. చుట్టాలంతా ప్రసాదం దగ్గర ఉన్నారు, చూసింది మేమిద్దరమే. గది ఖాళీ కదా, మీటరు సున్నా చూపించి ఉంటుంది, అందుకే ఆగలేదు అనుకున్నాను నేను. మా ఊళ్ళో ఎవరైనా అంతే. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి, మొదటి క్రేటు చిన్న తిరుపతి స్వామికి పంపేస్తే కొత్త మిషన్ని పరీక్ష చేసేసినట్టే.

“మీకెప్పుడు గుర్తొచ్చింది నాన్నా?”

“ఏడో తారీకునే. ఎస్సై ముందు నువ్వు ఇరవై నిమిషాలు అన్నప్పుడు.”

నాకూ అప్పుడే గుర్తొచ్చింది. ఏడో తారీకు పేజీలో అది రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను, రాయలేదు.

“ఇంకెవరికి తెలుసు?” అన్నారు.

“ఎవరికీ తెలీదు.”

“సర్లే. స్టీఫెన్‌కి మైలవరంలో మనవాళ్ళ షాపులో పని చూస్తాను. లాయర్ని కూడా మనమే పెడదాం. కుర్రాడు ఇబ్బంది పడకుండా చూసే పూచీ నాది. నువ్వు పెళ్ళి కావాల్సిన పిల్లవి, అనవసరంగా మీదేసుకోకు. వెళ్ళి కాసేపు పడుకో, మొహం పీక్కుపోయింది.”

నేను లేచి వెళ్ళి పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది. చిన్నపిల్లలా, రెండు గంటలు. లేచాక ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఆ తేలికని చూసి సిగ్గేసింది. అయినా తేలిగ్గానే ఉంది.

మే 21

ఆయన ఏడో తారీకునుంచీ నాతో రోజూ కలిసి అన్నం తిన్నారు.

నేనూ ఆయనతో తిన్నాను.

మే 23

ఆదివారం ఉంగుటూరులో ఆదరణ కూడిక. పోయినవాళ్ళ ఇంటివాళ్ళకి ధైర్యం చెప్పడానికి సంఘమంతా చేరి ప్రార్థన చేస్తారు. అచ్చు వేయించిన కాగితం తెచ్చిచ్చారు. పాటలు, వాక్యం, ఆ కింద ‘జ్ఞాపకాలు: శ్రీ సత్యనారాయణమూర్తి గారు, యజమాని’ అని ఉంది.

నాన్నకి నడుం నొప్పి అట. నిజంగానే పట్టేసిందో ఏమో, ఉదయం నుంచి మంచం దిగలేదు.

“నా తరఫున నువ్వు వెళ్ళి చెప్పు. రాసిచ్చాను. చదివితే చాలు,” అన్నారు. నోట్ పుస్తకం లోంచి చింపిన కాగితం. తొమ్మిది లైన్లు. నాన్న చేతిరాత గుండ్రంగా ఉంటుంది.

“అంతే చదువు,” అన్నారు మళ్ళీ.

సరే అన్నాను.

మే 25

బస్సులో వెళ్ళాను. కారు వద్దన్నాను. తిరిగి కూడా బస్సులోనే వచ్చాను. వచ్చాక ఇంకా ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్న గదిలో లైటు వెలుగుతోంది. సంగతి ఈపాటికి ఎవరో ఫోన్లో చెప్పే ఉంటారు.

ఇంటి ముందు షామియానా వేశారు. నూటయాభై మంది ఉంటారు. ముందు వరసలో విజయరాణి గారు, పక్కన షాలోమి, బిడ్డ. స్టీఫెన్ కుటుంబంతో లేడు. షామియానా చివర డ్రమ్ము దగ్గర నిలబడి గ్లాసుల్లో మంచినీళ్ళు పోస్తున్నాడు. వచ్చినవాళ్ళు గ్లాసు తీసుకుంటున్నారు కానీ అతని మొహం చూడటం లేదు.

పాటలయ్యాయి. వాక్యం అయింది. పాస్టరు గారు కాగితం చూసి, “ఇప్పుడు సత్యనారాయణమూర్తి గారు రెండు మాటలు చెప్తారు,” అని పిలిచారు.

నేను లేచాను. వారి అమ్మాయినండీ, అన్నాను. మైకు నా ఎత్తుకి దించారు.

నాన్న రాసినది చదివాను. రాయప్ప పదిహేడేళ్ళు మా దగ్గర పనిచేశాడు. కాయని చేత్తో పట్టుకుని ఇది ఎన్ని రోజులకి మగ్గుతుందో చెప్పేవాడు. అతను చెప్పిన రోజు ఎప్పుడూ తప్పలేదు. మా పిల్లని బడికి సైకిలు మీద దించింది అతనే. ఆ నాలుగూ నిజాలే. నాన్న మనసులోంచి రాసినవే. చదువుతుంటే విజయరాణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఐదో లైను విధి గురించి. అక్కడికి వచ్చాక కాగితం మడిచాను.

తర్వాత చెప్పింది ముందు అనుకున్నది కాదు. ఇలా చెప్పాను:

“పాత రెండు గదులకీ ఒకాయన పద్ధతి రాసిపెట్టారండీ. అందులో గాలి బయటికి తీసే పని ఉంది. కొత్త గదికి నేను రాశాను. ఆ పని చేసే చోట నా పని రాశాను. ముందు పాత పని కూడా చెయ్యమని ఒక్క లైను రాయాలి. రాయలేదు. అందుకని ఆరోజు బటన్ నొక్కగానే పచ్చ లైటు వచ్చింది. స్టీఫెన్ చెప్పింది నిజం. తర్వాత నేను ఆ లైను రాసేశాను, ఎవరికీ చెప్పకుండా. అందుకే పన్నెండో తారీకున అందరి ముందూ ఇరవై నిమిషాలు ఆగింది. తేడా ఏం లేదని అతనితో అబద్ధం చెప్పాను. కంప్యూటర్లో టైములన్నీ ఉన్నాయి. రేపు పొద్దున ఎస్సై గారికి ఇచ్చి ఇదే రాసిస్తాను.”

బస్సు టైములు చదివినట్టు చెప్పాను. ఎవరో వెనకనుంచి, “ఓరి దేవుడా,” అన్నారు. పాస్టరు గారు మైకు తీసుకోబోయి ఆగిపోయారు. ఎవరైనా వచ్చి నన్ను కొడితే బాగుండు అనుకున్నాను. ఎవరూ రాలేదు.

విజయరాణి గారు కూర్చునే అడిగారు. “అంటే లైటు వచ్చిందా?”

“వచ్చిందండీ.”

“వచ్చాకే పంపాడా లోపలికి?”

“వచ్చాకే పంపాడండీ.”

ఆవిడ నన్ను ఇంకేం అడగలేదు. తల వెనక్కి తిప్పి, “స్టీఫెనూ,” అని పిలిచారు. షాలోమి రెండు చేతులతో మొహం కప్పుకుంది. బిడ్డ కుర్చీలోంచి జారిపోతుంటే పక్కనావిడ పట్టుకుంది. “స్టీఫెనూ, ఇలా రా నాయనా. ఇక్కడ కూర్చో.”

అతను జగ్గు డ్రమ్ము మీద పెట్టాడు. చేతులు చొక్కాకి తుడుచుకుంటూ కుర్చీల మధ్యనుంచి వచ్చాడు. జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. కళ్ళలో నీళ్ళు లేవు. ఏదో లెక్క సరిపోక ఆగినట్టు ఆగాడు.

“మీకెప్పుడు తెలిసింది పాపగారూ?”

“తొమ్మిదో తారీకు.”

“తొమ్మిదో తారీకు,” అన్నాడు. “మట్టి చేసింది పదో తారీకు కదండీ.”

“అవును.”

“అయితే పెట్టె నన్ను పట్టుకోనిచ్చేవాళ్ళు.”

అవునన్నాను.